13 ప్లైవుడ్ షీట్లతో ఆరు మూలల గది

పొలం దగ్గర సామాను పెట్టుకోవడానికో, కాపలాకో, కట్టడం జరుగుతున్న చోట పనివాళ్ళు తల దాచుకోవడానికో ఒక గది కావాలి. ఏడాది రెండేళ్ళలో విప్పి ఇంకో చోటికి మార్చాల్సి రావచ్చు. ఆ చోట వెల్డింగుకు కరెంటు కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ప్లైవుడ్ గది పనికొస్తుంది. కదిలించే పనే లేదనుకుంటే మాత్రం ఈ తంటా వద్దు, రేకుల షెడ్డు వేసుకోండి. దానికి ఎండావానలకు ఓర్పు ఎక్కువ, చూసుకోవాల్సింది తక్కువ.

ప్లైవుడ్ గదుల నమూనాలు చాలానే ఉన్నాయి. వాటిలో లెక్క అన్నిటికంటే చక్కగా కుదిరింది హెక్సాయర్ట్. బ్రిటన్‌కు చెందిన వినయ్ గుప్తా 2002లో దీన్ని రూపొందించి, ఎవరైనా కట్టుకోవచ్చని హక్కులేమీ అట్టిపెట్టుకోకుండా వదిలేశారు. 8 అడుగులు, 4 అడుగుల షీట్లు 12 కావాలి. ఆరింటిని కోయకుండా అడ్డంగా నిలబెడితే 4 అడుగుల ఎత్తున ఆరు గోడలు. మిగతా ఆరింటిని మూల నుంచి మూలకు కోసి, రెండేసి ముక్కలు కలిపితే కింది అంచు 8 అడుగులు, ఎత్తు 8 అడుగులు ఉన్న ఆరు త్రిభుజాలు. అవే పైకప్పు. ఒక్క ముక్క కూడా వృథా పోదు. వాలు సరిగ్గా 30 డిగ్రీలు వస్తుంది, నేల 166 చదరపు అడుగులు, కొన దగ్గర ఎత్తు 8 అడుగులు.

అమెరికాలో నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ జాతరలో ఇవి చాలా కనిపిస్తాయి. అక్కడ వాన అరుదు, ఉండేది ఓ వారం. అందుకని ఇన్సులేషన్ బోర్డులను వెడల్పాటి టేపుతో అతికించి పని కానిచ్చేస్తారు. అదే కొలతలతో కాకినాడ దగ్గరో కరీంనగర్ దగ్గరో కడితే మొదటి వానాకాలం దాటదు. అసలు నమూనాకు చూరు లేదు. పైకప్పు అంచు గోడ అంచు దగ్గరే ఆగిపోతుంది, కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ గోడ వెంట దిగుతూ అతుకులోకి పోతాయి. రెండో చిక్కు ఎత్తు. గోడ 4 అడుగులే కాబట్టి 6 అడుగుల మనిషి తల తగలకుండా నిలబడగలిగే చోటు 166లో 42 చదరపు అడుగులకు మించదు, అంటే నాలుగో వంతు.

ఈ రెండు చిక్కులూ రెండు మార్పులతో తీరతాయి.

మొదటి మార్పు: గోడ షీట్లను 8 అడుగుల నుంచి 7 అడుగులకు కోయండి. పైకప్పు త్రిభుజాలను ముట్టుకోవద్దు. అప్పుడు కప్పు గోడ దాటి వాలు వెంట ఒక అడుగు, అడ్డంగా కొలిస్తే సుమారు 10 అంగుళాలు బయటికి వస్తుంది. అదే మీ చూరు. నేల 127 చదరపు అడుగులకు తగ్గుతుంది, ఆ నష్టానికి సిద్ధపడాల్సిందే. కోసిన ఆరు ముక్కలు, ఒక్కొక్కటి 4 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, పారేయకండి. వాటిని నిలువునా చీలిస్తే 6 అంగుళాల వెడల్పు బద్దలు పన్నెండు వస్తాయి. ఒక్కో పైకప్పు త్రిభుజం నడిమి అతుకుకు లోపలి నుంచి వేయాల్సిన పట్టీలు అవే.

రెండో మార్పు: గది కింద 2 అడుగుల ఎత్తు దిమ్మెల గోడ. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల మందం ఉన్న సిమెంటు దిమ్మెలు మూడు వరసలు. ద్వారం వదిలేయగా 90 దాకా పడతాయి. దీంతో గోడ దగ్గర కూడా 6 అడుగుల ఎత్తు దొరుకుతుంది, కొన సుమారు తొమ్మిదిన్నర అడుగులకు చేరుతుంది. నేల మీద పడి ఎగిరే వాన చినుకులు ప్లైవుడ్‌ను తాకవు, చెద ఎక్కితే మట్టి దారి దిమ్మెల మీద కంటికి కనిపిస్తుంది. గది మార్చేటప్పుడు ఈ గోడ, దాని పునాది మాత్రమే వెనక మిగిలిపోతాయి. గోడ సగం బురదతో సగం సిమెంటుతో కట్టిందైతే దిమ్మెలు కూడా చాలావరకు తిరిగి వస్తాయి.

ఏ ప్లైవుడ్ కొనాలి

షాపులో మామూలుగా చూపించే ‘కమర్షియల్’ షీటు ఎం.ఆర్. (చెమ్మకు మాత్రమే ఆగే) రకం. ఇంట్లో అల్మారాకు సరే, వానలో పొరలు విడిపోతుంది. ఐ.ఎస్. 303 (భారత ప్రమాణం) ముద్రతో వచ్చే బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటికి ఆగే) రకం కనీసం ఉండాలి. ఐ.ఎస్. 710 మెరైన్ రకం ఇంకా మేలు, 72 గంటలు నీళ్ళలో ఉడికించినా జిగురు వదలకూడదన్నది దాని పరీక్ష. అయితే ఈ పేర్లు చెప్పేది జిగురు గురించి. చెక్క కుళ్ళదని, చెద పట్టదని, ఎండకు పగలదని ఎక్కడా హామీ లేదు. మెరైన్ షీటు కొన్నాం కదా అని రంగు వేయకుండా వదిలేస్తే అది కూడా పోతుంది.

ఖర్చు తగ్గించాలంటే ఫిల్మ్ ఫేస్ షట్టరింగ్ ప్లై చూడండి. శ్లాబులకు సెంట్రింగు కొట్టే గోధుమ రంగు నున్నటి షీటు. రెండు ముఖాలకూ నీరు పట్టని పొర ముందే ఉంటుంది. వాడేసినవి అపార్ట్‌మెంట్ల పనుల దగ్గర తక్కువకు దొరుకుతాయి. కొనేముందు అంచులు పట్టుకుని చూడండి. ఉబ్బి, గోరుతో గీస్తే పొడి రాలేవి వద్దు. అంచు ఒకటి రెండు అంగుళాలు పాడైతే గోడకు వాడొచ్చు, ఎలాగూ ఒక అడుగు కోసేస్తున్నారు. పైకప్పుకు మాత్రం నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నవే ఏరుకోండి. విరిగిపోయిన మేకులు లోపల దాగి ఉంటాయి, రంపం పళ్ళు పోగొట్టేవి అవే. కోసే గీత వెంట అయస్కాంతం జరిపి చూడటం రెండు నిమిషాల పని. ఈ ఫిల్మ్ మీద రంగు గానీ రెజిన్ గానీ నేరుగా పట్టదు. అతికించే చోటల్లా 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి.

మందం గోడకూ కప్పుకూ 12 మి.మీ. తీసుకోండి. 9 మి.మీ. కప్పు బరువు తగ్గిస్తుంది కానీ ఎండాకాలం గడిచేసరికి రీపర్ల (సన్నటి చెక్క బద్దల) మధ్య కుంగి, ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. 12 మి.మీ. షీటు 21 నుంచి 28 కిలోల దాకా తూగుతుంది, కర్ర రకాన్ని బట్టి. తలుపుకు, కప్పు కొన మీద పెట్టే టోపీకి కలిపి 13 షీట్లు. అంటే 416 చదరపు అడుగులు. షాపువాళ్ళు చెప్పిన రేటును 416తో గుణించుకోండి. అడుగు 75 రూపాయలు అనుకుంటే 31,200. ప్లైవుడ్డే మొత్తం ఖర్చు అనుకోవద్దు, రీపర్లు, ఇనుము, కాంక్రీటు, రంగు కలిస్తే లెక్క ఇంకా పైకి పోతుంది.

రీపర్లు 2 అంగుళాలకు ఒకటిన్నర అంగుళం సైజువి 300 అడుగులు, ఘనపుటడుగుల్లో చెప్పాలంటే 6.25. పచ్చి కర్ర తెస్తే ఎండి మెలి తిరుగుతుంది, దాంతోపాటు షీటునూ తిప్పుతుంది. ఎండిన కర్రే అడగండి.

కోత

ముందు పాత శుభలేఖలు పన్నెండు తీసుకుని 8 సెం.మీ., 4 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి నమూనా కట్టి చూడండి. ఏ అంచు ఏ అంచుకు వస్తుందో చెబితే అర్థం కాదు, చేత్తో చేస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది.

షీటు పేరుకు 8 అడుగులు, 4 అడుగులు. కంపెనీ కొలత 2440, 1220 మి.మీ. రెండు మూలరేఖలూ కొలవండి. ఒక్కోటి 2728 మి.మీ. దగ్గర రావాలి. రెండింటికీ 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ షీటు మూలమట్టానికి లేదని అర్థం, దాన్ని గోడకు పంపించండి.

మూల కోతలో అందరూ తడబడే విషయం ఒకటుంది. షీటును మూల నుంచి మూలకు కోస్తే రెండు ఒకేలాంటి ముక్కలు వస్తాయి. వాటిని కలిపి సమద్విబాహు త్రిభుజం చేయాలంటే ఒక ముక్కను తిరగేయాల్సి వస్తుంది. అంటే సగం కప్పుకు మంచి ముఖం పైన, సగానికి లోపల. రెండు ముఖాలూ ఒకటే అయితే బాధ లేదు. ఒక ముఖమే బాగుంటే మూడు షీట్లను ఒక మూలరేఖ వెంట, మిగతా మూడింటిని రెండో మూలరేఖ వెంట కోయండి. ఆరు కుడి ముక్కలు, ఆరు ఎడమ ముక్కలు వస్తాయి. ఒక కుడి, ఒక ఎడమ జతచేస్తే అన్నిటికీ మంచి ముఖం పైకే ఉంటుంది.

కోత పొడవు దాదాపు 9 అడుగులు. చేతి మిషన్‌ను గీత చూసుకుంటూ తోస్తే వంకర పోతుంది. అల్యూమినియం గొట్టాన్నో, ఇంకో షీటు ఫ్యాక్టరీ అంచునో క్లాంపులతో బిగించి దాని వెంట నడపండి. చేతి మిషన్ బ్లేడు కింది నుంచి పైకి కోస్తుంది, పైముఖం పెచ్చులు లేస్తుంది. కాబట్టి మంచి ముఖం కిందికి పెట్టాలి. కోత ఊళ్ళో కరెంటున్న చోటే ముగించుకుని, ముక్కల మీద నంబర్లు వేసి ట్రాక్టర్ ట్రక్కులో తీసుకెళ్ళడం తేలిక.

కోసిన వెంటనే, బిగించక ముందే అంచులకు మందు పట్టాలి. ఈ పని మొత్తంలో గది ఎన్నేళ్ళుంటుందో తేల్చేది ఇదే. ప్లైవుడ్ ముఖం గుండా తాగే నీరు కొంచెమే. అంచున మాత్రం కర్ర నాళాలు తెరుచుకుని ఉంటాయి, అక్కడ తాగిన నీరు అంగుళాల లోపలికి పోయి ఉబ్బిస్తుంది. ఉబ్బిన చోట పొర విడిపోతుంది, అందులోకి మరింత నీరు వెళ్తుంది. ఎపాక్సీ గానీ పాలియెస్టర్ రెజిన్ గానీ రెండు పూతలు, లేదా వుడ్ ప్రైమర్ రెండు, ఎనామెల్ రెండు. మొదటి పూత వేసి పది నిమిషాలాగి చూడండి, తాగేసి ఎండినట్టు కనిపించిన చోట మళ్ళీ వేయండి. స్క్రూ రంధ్రాలు, బోల్టు రంధ్రాలు, కిటికీ కోతలు కూడా అంచులే. రంధ్రం వేశాక చిన్న బ్రష్షుతో లోపల పూసి అప్పుడు బోల్టు దూర్చాలి.

పలకల తయారీ

గోడ పలక నాలుగు అంచులకూ లోపలి వైపు రీపరు. కింది రీపరును మాత్రం షీటు అంచు కంటే అంగుళం పైకి పెట్టండి. రీపరు దిమ్మెల గోడ మీద కూర్చుంటుంది, షీటు బయట అంగుళం కిందికి వేలాడుతుంది. గోడ మీద జారిన నీరు దిమ్మె మీదికి చేరకుండా బయటే బొట్టుగా పడిపోతుంది. దీనికోసం దిమ్మెల గోడ ఒక్కో పక్క బయటి కొలత 7 అడుగులకు అరంగుళం తక్కువ ఉండాలి.

నిలువు రీపర్లలో పక్క పలకకు తగిలే ముఖాన్ని 30 డిగ్రీల వాటంగా మిల్లులో చీల్పించండి. పక్కపక్క పలకల రీపర్లు అప్పుడు ముఖాముఖి అంటుకుంటాయి, లోపలి కోణం 120 డిగ్రీలు వస్తుంది. గోడ పై రీపరుకు కూడా 30 డిగ్రీల వాటమే, కప్పు దాని మీద పడుకోవాలి. కప్పు త్రిభుజాల పక్క రీపర్లకు 14.5 డిగ్రీలు. మిల్లులో 15 అని చెప్పండి, చాలు. వాటం లేకుండా చదరంగా ఉన్న రీపర్లను కలిపి బోల్టు బిగిస్తే ఒక్క అంచే తగులుతుంది, గాలికి గది ఊగిన ప్రతిసారీ ఆ అంచు నలిగి బోల్టు వదులవుతుంది.

కప్పు త్రిభుజానికి మధ్య అతుకు కింద 6 అంగుళాల బద్దలు జిగురుతో, స్క్రూలతో. ఇక్కడ తెల్ల జిగురు వద్దు, మెరైన్ రకం నీటికి ఆగేది కావాలి. రెండు 12 మి.మీ. కలిస్తే 24 మి.మీ. మందమే కాబట్టి స్క్రూ 20 మి.మీ. రీపర్లకు వాడే 35 మి.మీ. స్క్రూ ఇక్కడ వాడితే మొన పైకి పొడుచుకొచ్చి కప్పులో వంద కన్నాలు పడతాయి. బద్దను కొన నుంచి అడుగు దూరంలో మొదలుపెట్టండి, గోడ రీపరు తగిలే చోట రెండంగుళాలు ఖాళీ వదలండి. కొన దగ్గర ప్రతి త్రిభుజాన్నీ మధ్యగీత వెంట 9 అంగుళాలు కోసేయండి. అక్కడ గాలి పోయే కంత వస్తుంది.

35 మి.మీ. స్క్రూలు 600, 20 మి.మీ.వి 200. జిప్సమ్ పనికి వాడే నల్ల స్క్రూలు ఒక వానకే తుప్పు పడతాయి. జింకు పూతవి తెచ్చుకోండి, సముద్రం దగ్గరైతే స్టెయిన్‌లెస్. పలకలను ఒకదానికొకటి కలపడానికి 8 మి.మీ. బోల్టులు, 4 అంగుళాల పొడవు, 60. ప్రతిదానికీ రెండు పెద్ద వాషర్లు.

గాలి లెక్క

ప్లైవుడ్ గదులు కూలిపోవడం అరుదు, ఎగిరిపోవడం ఎక్కువ. భవనాల మీద గాలి ఒత్తిడికి వాడే ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఒత్తిడి కావాలంటే వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణించాలి. 50కి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువుకు సమానం. మన కప్పు చూరుతో కలిపి 15.4 చదరపు మీటర్లు. తలుపు తెరుచుకుని గాలి లోపలికి కొడుతూ, పైన పీలుస్తూ ఉన్నప్పుడు అంతా కలిసి పైకి లాగే బలం 2300 కిలోల దాకా పోవచ్చు. గది బరువు 400 కిలోల పైచిలుకు. మిగిలింది 1900, మూలకు 320 కిలోలు.

కాబట్టి ఆరు మూలల్లోనూ అడుగున్నర చదరం, 2 అడుగుల లోతు గుంటలో కాంక్రీటు. ఒక్కో దిమ్మ సుమారు 300 కిలోలు తూగుతుంది, చుట్టూ మట్టి పట్టు అదనం. ప్రతిదాంట్లో 50 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఇనుప పట్టీ, 6 అడుగులది. కింద ఆరంగుళాలు ఎల్ ఆకారంలో వంచి కాంక్రీటులో, మధ్య భాగం దిమ్మెల గోడ బయటి ముఖం వెంట, పై 2 అడుగులు గోడ పలక నిలువు రీపరు మీదికి వచ్చేలా. షీటు మందం కోసం 12 మి.మీ. మెలిక ఒకటి పెట్టించాలి. పట్టీలన్నీ కలిపి 22 కిలోలు. ఇది బయటే ఉంచమనడానికి కారణం తుప్పు కనిపించాలని. నల్లరేగడి నేలైతే గుంట మరో ఆరంగుళాలు తవ్వి అడుగున మొరం దిమ్మిస గొట్టండి, లేకపోతే వానకు ఉబ్బి, ఎండకు కుంగి మూలలు ఎగుడుదిగుడు అవుతాయి.

పునాది గట్టిగా ఉండి గోడకూ కప్పుకూ పట్టు లేకపోతే గోడలు మిగిలి కప్పు పక్క పొలంలో పడుతుంది. ఒక్కో గోడ మీద మూడు చొప్పున 18 ఇనుప క్లిప్పులు, 25 మి.మీ., 3 మి.మీ. పట్టీని వాలుకు తగ్గట్టు వంచినవి, గోడ రీపరుకూ కప్పుకూ బోల్టులతో. కప్పు బరువు గోడల పైభాగాన్ని బయటికి తోస్తుంది కూడా. దాన్ని ఆపడానికి చూరు కింద గోడ చుట్టూ 6 మి.మీ. ఇనుప తాడు, 45 అడుగులు, తిప్పితే తాడును లాగే మర అయిన టర్న్‌బకిల్‌తో బిగించాలి. బండి చక్రానికి ఇనుప పట్టా చేసే పనే ఇదీ. మూలల్లో తాడు షీటును కోయకుండా చిన్న రేకు ముక్కలు పెట్టండి.

ఇంత చేసినా తుఫాను హెచ్చరిక వస్తే మనుషులు ఇందులో ఉండకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పటిలాంటి గాలికి ఎగిరొచ్చే రేకు ముక్క చాలు, 12 మి.మీ. ప్లైవుడ్ ఆపలేదు.

నిలబెట్టడం

ముగ్గు వేయడం తేలిక. మధ్యలో మేకు పాతి 7 అడుగుల తాడుతో వృత్తం గీయండి. అదే తాడుతో వృత్తం మీద అడుగులు వేసుకుంటూ పోతే ఆరోది మొదటి గుర్తు మీదికే వస్తుంది. ఎదురెదురు మూలలు 14 అడుగులు ఉన్నాయో లేదో మూడు జతలూ చూడండి. దిమ్మెల గోడ కట్టే ముందే మట్టికి చెద మందు. క్లోరోపైరిఫాస్ 20 ఈ.సి. ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్ళు, చేతులకు గ్లవ్స్ వేసుకుని. బావికీ బోరుకూ దగ్గరగా పొయ్యకండి.

దిమ్మెల పైన దళసరి పాలిథీన్ గానీ పాత ఫ్లెక్సీ గానీ పరిచి, దాని మీద గోడ పలకలు నిలబెట్టండి. రెండు పలకలు కలిశాయంటే వాటంతట అవే నిలుస్తాయి. బోల్టు రంధ్రాలు 8 కి 10 మి.మీ. వేయండి, ఆరు పలకలూ చేరేదాకా ఏ నట్టూ పూర్తిగా బిగించొద్దు. మూలకు 3 మి.మీ. తప్పు వచ్చినా చివరి అతుకు దగ్గర 18 మి.మీ. సందు అవుతుంది. వదులుగా ఉంచితే ఆ తప్పు ఆరు మూలలకూ పంచుకుపోతుంది.

కప్పుకు మధ్యలో సర్వి బొంగు ఒకటి తాత్కాలికంగా నిలబెట్టి, దాని తల మీద ఓ ప్లైవుడ్ పలక కొట్టండి. తల ఎత్తు 9 అడుగులకు కాస్త తక్కువ, కింద చెక్క చీలికలు కొట్టి సరిచేసుకోవచ్చు. ఒక్కో త్రిభుజం 35 కిలోల దాకా ఉంటుంది, నలుగురు కావాలి. ఒక వైపు నుంచి వరసగా పెట్టుకుంటూ పోతే బొంగు పక్కకు వాలుతుంది. ఎదురెదురు జతలుగా పెట్టండి. ఆరూ చేరాక కొప్పుల (పక్కపక్క త్రిభుజాలు కలిసే అతుకుల) బోల్టులు, క్లిప్పులు, ఇనుప తాడు అన్నీ బిగించి చివర్లో బొంగు తీసేయాలి. గాలి వీచే రోజు ఈ పని పెట్టుకోకండి. రెండు పలకలే ఉన్న కప్పు తెరచాపతో సమానం.

తలుపుకు ఒక గోడ పలకను రెండున్నర అడుగుల వెడల్పున కోయాలి, కానీ పైన 4 అంగుళాలు వదిలి. పైదాకా కోసేస్తే ఆ గోడ రెండు ముక్కలై చుట్టు పట్టు తెగిపోతుంది. ద్వారం 5 అడుగుల 7 అంగుళాలు వస్తుంది, కాస్త తల వంచాల్సిందే. పదమూడో షీటులో ముందు పొడుగునా 18 అంగుళాల బద్ద తీసి, మిగిలిన రెండున్నర అడుగుల వెడల్పులో తలుపు రెక్క కోయండి. ఆ బద్దలో తలకిందులుగా ఒకటి విడిచి ఒకటి గీస్తే కొన టోపీకి కావలసిన ఆరు త్రిభుజాలు 5 అడుగుల పావులోనే వచ్చేస్తాయి. కింది అంచు 18, ఎత్తు 18 అంగుళాలు. వాలు పెద్ద కప్పుదే. దాన్ని కంత మీద 4 అంగుళాల కాళ్ళతో నిలబెట్టి చుట్టూ జల్లెడ కొట్టండి. చుట్టూ ఉన్న ఖాళీ, కంత వైశాల్యం రెండూ దాదాపు సమానం కాబట్టి ఇంకా ఎత్తు పెంచి జల్లును ఆహ్వానించే పని లేదు. కిటికీలు రెండు ఎదురెదురు గోడల్లో కోయండి, కోసిన ముక్కే పైన కీళ్ళతో రెక్క. తెరిచి కర్ర ఆనిస్తే అదే చిన్న చూరు.

నీరు, ఎండ

ఒక్కో త్రిభుజం నడిమి అతుకును ఎప్పటికీ విప్పరు కాబట్టి దానికి ఫైబర్ (గాజు పీచు మ్యాటు మీద రెజిన్) వేయించండి. తీరంలో చేపల బోట్లకు ఫైబర్ పని చేసేవాళ్ళకు ఇది అలవాటైన పనే. 6 అంగుళాల వెడల్పు మ్యాటు రెండు పొరలు, 300 గ్రాముల రకం, మొత్తం కిలోన్నర లోపే. రెజిన్ 4 కిలోలు. గట్టిపడే మందు ఎక్కువ కలిపితే డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది, అరకిలో చొప్పున కలుపుకోండి.

కొప్పులు మాత్రం విప్పాల్సినవి. వాటి మీద జి.ఐ. రేకు టోపీలు, 8 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు, మధ్యలో తక్కువ వంపుతో, ఆరు. 8 అడుగులు, 3 అడుగుల మామూలు రేకులు రెండు చాలు. రేకు కింద బ్యూటైల్ (మెత్తటి రబ్బరు) టేపు వేసి స్క్రూలు. ఒట్టి సిలికాన్‌తో సందులు నింపి వదిలేసే పద్ధతి చూడటానికి బాగానే ఉంటుంది, ప్లైవుడ్ రోజూ వ్యాకోచించి ముడుచుకుంటుంటే ఒక ఎండాకాలానికే అంచు ఊడి వస్తుంది.

కప్పంతా ప్రైమరు మీద తెల్ల ఎక్స్‌టీరియర్ రంగు మూడు పూతలు. డబ్బులు చాలకపోతే పాత ఫ్లెక్సీలు కప్పండి, బొమ్మ ఉన్న వైపు కిందికి, తెలుపు పైకి. కానీ కప్పుకు అంటించినట్టు పరిస్తే కింద చెమ్మ చిక్కుకుని ప్లైవుడ్ నల్లబడుతుంది. అడుగు అడుగున్నరకు ఒకటి చొప్పున సన్న బద్దలు కొట్టి వాటి మీద కప్పితే కింద గాలి ఆడుతుంది, వేడి కూడా తగ్గుతుంది. ఫ్లెక్సీ ఎండకు పెళుసెక్కుతుంది, మార్చుకుంటూ పోవాలి.

12 మి.మీ. ప్లైవుడ్ వేడిని ఆపేది కొద్దిగానే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే కప్పు) విధానం తెచ్చింది, తెల్లటి పైపూత చేసే మేలు ఇక్కడా ఉంటుంది. కొన కంత, కింద కిటికీలు కలిసి పని చేస్తాయి, ఒకటి మూస్తే రెండోది దండగ. అయినా రోహిణీ కార్తెలో మధ్యాహ్నం ఇందులో పడుకోవాలంటే చెట్టు నీడన కట్టుకోవాలి. కొమ్మలు మాత్రం కప్పుకు తగలకూడదు.

లోపల పొయ్యి, గ్యాస్ స్టవ్ వద్దు. గోడలూ కప్పూ అన్నీ మండేవే, బయటికి ఒకటే తలుపు. కరెంటు తీసుకుంటే వైరు పైపులో వేసి, ఎర్తింగ్‌తో పాటు ఇ.ఎల్.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పక పెట్టించండి. తడిసిన ప్లైవుడ్ షాక్ కొడుతుంది.

ఏటా మే నెలలో ఒకసారి చుట్టూ తిరిగి గోడ కింది అంచు, తలుపు కోత, చూరు అంచు వేలితో నొక్కి చూడండి. రంగు చిట్లిన చోట గీకి, ఎండలో రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. తడి మీద పూస్తే నీటిని లోపలే బంధించినట్టు. బోల్టులన్నీ ఒక చుట్టు తిప్పండి, కర్ర ఎండి వదులై ఉంటాయి. మార్చే రోజు వచ్చినప్పుడు కొన టోపీ, కొప్పు రేకులు, ఇనుప తాడు, క్లిప్పులు ఆ వరసలో విప్పి, మధ్య బొంగు మళ్ళీ నిలబెట్టాకే కప్పు బోల్టులకు చెయ్యి పెట్టండి. త్రిభుజాలు 8 అడుగుల వెడల్పు కాబట్టి ట్రక్కులో పడుకోబెట్టడానికి పట్టవు, ఏటవాలుగా నిలబెట్టి తాళ్ళతో కట్టాలి. కొత్త చోట ఖర్చు దిమ్మెలకు, కాంక్రీటుకు, ఆరు ఇనుప పట్టీలకు.